పాల్ మార్ఫీ - చదరంగం వదిలేసిన చదరంగ వీరుడు

ప్రతి ఏటా మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం వేయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిబా ఫూలే గురించి, జాషువా గారి గురించి మనకంటే ముందు బ్యాచ్‌ల అన్నలు చక్కగా రాశారు. ఈసారి ఆ బాధ్యత మాకు అప్పగించారు. మేము ఎంచుకున్న వ్యక్తి ఆ కోవలోకి రాడు. ఆయన ఏ ఉద్యమమూ నడపలేదు. ఏ చట్టమూ రాయలేదు. ఒక ఆటలో ఇరవై ఒకటో ఏట ప్రపంచంలో తనకు సాటి లేదనిపించుకొని, కొద్ది రోజులకే ఆ ఆటను వదిలేశాడు. ఆయన పేరు పాల్ మార్ఫీ. ఆ ఆట చదరంగం.

ఇలాంటివాడి కథ మనకెందుకని తమ్ముళ్లు అడగవచ్చు. కారణం మన హాస్టల్లోనే ఉంది.

మేము ఆరో తరగతిలో చేరినప్పుడు మన హాస్టల్‌కు ఒక చెస్ బోర్డు ఉండేది. అట్టది. మడత దగ్గర చిరిగితే అన్నం మెతుకులతో కాగితం అంటించాం. నల్ల బంటు ఒకటి పోతే దాని చోట చింతగింజ పెట్టాం. తెల్ల ఏనుగు పోతే టూత్‌పేస్టు మూత పెట్టాం. స్టడీ అవర్ అయ్యాక ట్రంకు పెట్టె మీద ఆ బోర్డు పరిస్తే చుట్టూ పదిమంది చేరేవాళ్లం. మాలో ఒకడు అందరికంటే బాగా ఆడేవాడు. పేరు రాయడం లేదు, చదివితే వాడికే తెలుస్తుంది. ఏడో తరగతిలోనే పదో తరగతి అన్నలను ఓడించాడు. జిల్లా పోటీలకు వెళ్లి కప్పు తెచ్చాడు. పది పాసై కాలేజీ హాస్టల్‌కు వెళ్లాక, రెండో ఏడాదికి వాడు బోర్డు ముట్టుకోవడం మానేశాడు. ఎందుకో మాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని ప్రయత్నించనూ లేదు. ఆ సంగతి చివర్లో చెబుతాం. ముందు మార్ఫీ కథ వినండి.

పుట్టిన ఇల్లు

పాల్ చార్లెస్ మార్ఫీ 1837 జూన్ 22న అమెరికాలోని లూసియానా రాష్ట్రం, న్యూ ఆర్లియన్స్ నగరంలో పుట్టాడు. తండ్రి అలోంజో మార్ఫీ పెద్ద న్యాయవాది, తర్వాత ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. తల్లి ఫ్రెంచి కుటుంబానికి చెందినది, సంగీతం బాగా తెలిసినది. ఇంట్లో పియానో, పుస్తకాలు, వచ్చిపోయే పెద్దమనుషులు. ఆ ఇంటికీ మన ఇళ్లకూ ఏ పోలికా లేదు. పైగా ఆ రోజుల్లో న్యూ ఆర్లియన్స్ అంటే మనుషుల్ని కొని అమ్మే పెద్ద సంత. నల్లజాతివారిని వేలం వేసే ఆ నగరంలో, ఆ వ్యవస్థ నీడలో సుఖంగా పెరిగినవాడు మార్ఫీ. కాబట్టి ఆయనను ఆదర్శపురుషుడని మేము మీ ముందు పెట్టడం లేదు. ఆయన జీవితంలో మనకు పనికివచ్చే ఒక సంగతి ఉంది. దాని కోసమే ఈ వ్యాసం.

చూసి నేర్చిన ఆట

మార్ఫీకి చదరంగం ఎవరూ పని గట్టుకొని నేర్పలేదు. ఆదివారాల్లో తండ్రి, బాబాయి ఎర్నెస్ట్ ఆడుతుంటే పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాడని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. మన హాస్టల్లో చిన్నవాళ్లు క్యారంస్ నేర్చుకునేది కూడా ఇలాగే కదా. ఎవరూ చెప్పరు, చోటు దొరికినప్పుడు తొంగి చూడటమే. తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆ పిల్లవాడు నగరంలోని మంచి ఆటగాళ్లలో ఒకడయ్యాడు. 1850లో లోవెంతాల్ అనే హంగేరీ ఆటగాడు న్యూ ఆర్లియన్స్ వచ్చాడు. ఆయన అప్పటికే యూరప్‌లో పేరున్నవాడు. పన్నెండేళ్ల పిల్లవాడితో ఆడటమేమిటని తేలికగా కూర్చున్నాడు, ఓడిపోయాడు.

ఇంత ఆట వచ్చినా మార్ఫీ చదువు మానలేదు. అలబామా రాష్ట్రంలోని స్ప్రింగ్ హిల్ కాలేజీలో 1854లో డిగ్రీ పూర్తి చేసి, మరో ఏడాది అక్కడే ఉండి పై చదువు చదివాడు. తర్వాత న్యూ ఆర్లియన్స్‌లో లా చదివి 1857 ఏప్రిల్‌లో పట్టా తీసుకున్నాడు. ఫ్రెంచి, ఇంగ్లీషుతోపాటు స్పానిష్, జర్మన్ భాషలు కూడా వచ్చు. లూసియానా సివిల్ కోడ్ చాలామటుకు నోటికి వచ్చేదని అంటారు. అయితే అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఇరవై ఒకటి నిండితే తప్ప వకీలుగా పనిచేయడానికి వీల్లేదు. చేతిలో పట్టా ఉంది, పని చేసే వయసు లేదు. మధ్యలో ఖాళీ సమయం దొరికింది. చదరంగం చరిత్రలో మార్ఫీ అధ్యాయమంతా ఆ ఖాళీలో నడిచిందే. ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆయన దృష్టిలో జీవితమంటే న్యాయవాద వృత్తి. చదరంగం దానికి ముందు దొరికిన సెలవు.

రెండేళ్ల వైభవం

1857 అక్టోబరు, నవంబరు నెలల్లో న్యూయార్క్‌లో మొదటి అమెరికన్ చెస్ కాంగ్రెస్ జరిగింది. పదహారు మంది ఆటగాళ్లు పాల్గొన్నారు. అంతకు ఏడాది ముందే తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న మార్ఫీ మొదట వెళ్లడానికి ఇష్టపడలేదు. చివరకు బయలుదేరాడు. మొత్తం 18 ఆటల్లో 14 గెలిచి, మూడు డ్రా చేసి, ఒకే ఒకటి ఓడాడు. ఫైనల్లో లూయీ పాల్సన్‌ను ఓడించి ప్రథముడయ్యాడు. బహుమతిగా నగదు వద్దని వెండి పాత్రలు తీసుకున్నాడు. ఆటకు డబ్బు పుచ్చుకుంటే తనను ఆట మీద బతికేవాడంటారని ఆయన భయం.

1858 జూన్‌లో ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్లాడు. అక్కడ తన చిన్ననాటి ప్రత్యర్థి లోవెంతాల్‌తో పోటీపడి తొమ్మిది ఆటలు గెలిచి, మూడు ఓడి, రెండు డ్రా చేశాడు. గెలిచిన పందెం సొమ్మును తన దగ్గర ఉంచుకోకుండా, అంతకు మించిన విలువ గల గృహోపకరణాలు కొని ఓడినవాడికే బహుమతిగా ఇచ్చాడు. తర్వాత పారిస్ వెళ్లి హార్‌విట్జ్ అనే ఆటగాణ్ణి ఓడించాడు. అక్కడి కఫే ద లా రెజాన్స్‌లో సెప్టెంబరు నెలలో ఒక అద్భుతం చేశాడు. బోర్డు చూడకుండా, ఎనిమిది మందితో ఒకేసారి, దాదాపు పది గంటలసేపు ఆడి ఆరు ఆటలు గెలిచి, రెండు డ్రా చేశాడు. ఎనిమిది బోర్డుల మీద మొత్తం 256 కాయలు. అవన్నీ ఎక్కడెక్కడున్నాయో ఆయన తలలోనే నడిచాయి. ఒక బోర్డు ఎదురుగా ఉన్నా మంత్రి ఎటు పోయిందో మరిచే మనబోటివాళ్లకు ఇది నమ్మశక్యం కాదు.

ఆ సంవత్సరమే పారిస్ ఒపేరా హాలులో, వేదిక మీద పాట నడుస్తుండగా, ఒక పెట్టెలాంటి ప్రత్యేక గదిలో కూర్చొని బ్రన్స్‌విక్ డ్యూక్, ఒక ఫ్రెంచి కౌంటు ఇద్దరూ కలిసి ఒక పక్షంగా మార్ఫీతో ఒక ఆట ఆడారు. పదిహేడు ఎత్తుల్లో ఆట ముగిసింది. మార్ఫీ ముందు గుర్రాన్ని, తర్వాత ఒక ఏనుగును, ఆఖరికి మంత్రినే బలి ఇచ్చి, మిగిలిన ఒక ఏనుగు, ఒక శకటుతో ఆటకట్టు చేశాడు. అప్పటికి ప్రత్యర్థి కాయలు సగం కదలనే లేదు. ముందు కాయలను బయటకు తీసి పనిలో పెట్టు, ఆ తర్వాతే దాడి అన్న పాఠం చెప్పడానికి ఈనాటికీ ప్రపంచమంతటా ఆ ఆటనే మొదట చూపిస్తారు. మన స్నేహితుడికి కూడా జిల్లా పోటీల ముందు పీఈటీ సారు ఆ ఆటే చూపించారట.

డిసెంబరులో జర్మనీ నుంచి అడాల్ఫ్ ఆండర్సన్ పారిస్ వచ్చాడు. ఆయన 1851 లండన్ పోటీల విజేత, యూరప్‌లో మేటి. హార్‌విట్జ్ మీద గెలిచిన సొమ్మును మార్ఫీ ఆండర్సన్ ప్రయాణ ఖర్చులకు ఇప్పించాడు. జబ్బు చేసి లేచిన నీరసంలో ఉండి కూడా ఏడు ఆటలు గెలిచి, రెండు ఓడి, రెండు డ్రా చేశాడు. ఇంగ్లండులో హోవార్డ్ స్టాంటన్ ఒక్కడు మాత్రం ఇదిగో అదిగో అంటూ వాయిదాలు వేసి చివరికి మార్ఫీతో ఆడనే లేదు. ఆ మాట మార్ఫీ మనసులో ముల్లులా ఉండిపోయింది.

ప్రపంచ చాంపియన్ అనే బిరుదు అప్పటికి అధికారికంగా లేదు. స్టైనిట్జ్‌కు ఆ పేరు వచ్చింది 1886లో. అయినా 1858 చివరికి ప్రపంచంలో మొదటివాడు మార్ఫీయే అని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. అప్పుడాయన వయసు ఇరవై ఒకటి.

ఇంటికి వచ్చాక

1859 మే నెలలో మార్ఫీ న్యూయార్క్ చేరాడు. వీరుడికి చేసినట్టు సన్మానాలు చేశారు. బంగారం, వెండితో చేసిన చదరంగం కాయలు, బంగారు గడియారం బహూకరించారు. ఆ సభలో ఆయన మాట్లాడినది విని చాలామంది ఆశ్చర్యపోయి ఉంటారు. చదరంగం ఒక వినోదం మాత్రమేనని, జీవితంలో చేయవలసిన గట్టి పనులకు అది అడ్డు రాకూడదని, దాన్ని వృత్తిగా చేసుకోరాదని ఆయన చెప్పాడు. చదరంగం కాయలు బహుమతిగా ఇచ్చిన సభలోనే ఆ మాట చెప్పాడు. చప్పట్ల హోరులో ఆ మాటను ఎందరు పట్టించుకున్నారో.

ఒక బంటు తక్కువగా పెట్టుకొని, మొదటి ఎత్తు కూడా ఎదుటివాడికి వదిలి, ఎవరితోనైనా ఆడతానని ప్రకటించాడు. ఎవరూ ముందుకు రాలేదు. 1859-60లో న్యూయార్క్ లెడ్జర్ పత్రికలో చదరంగం శీర్షిక నిర్వహించాడు. అది కూడా ఏడాదికే ఆగిపోయింది. ఆ తర్వాత స్నేహితులతో సరదాకు కొన్ని ఆటలు తప్ప గట్టి పోటీ ఏదీ ఆడలేదు. చిన్ననాటి స్నేహితుడు మొరియన్‌తో గుర్రం ఒకటి తక్కువగా పెట్టుకొని ఆడేవాడు. 1869 తర్వాత ఆ ఆటలు కూడా లేవు.

ఎందుకు మానేశాడు? ఈ ప్రశ్నకు జవాబుగా చాలామంది చాలా రాశారు. సాటివాడు లేక విసుగెత్తిందని కొందరు, స్టాంటన్ చేసిన అవమానం వల్లనని కొందరు. ఎర్నెస్ట్ జోన్స్ అనే మనస్తత్వ విశ్లేషకుడు 1931లో దీని మీద పెద్ద వ్యాసమే రాసి, రాజును ఓడించడమంటే తండ్రిని ఓడించడమేనని, మూలం అక్కడుందని తేల్చాడు. మాకు అంత లోతు తెలియదు. మాకు కనిపించేది ఒకటే. ఆ రోజుల్లో చదరంగం మీద బతకడమంటే పందేలు కాసి బతకడమే. ఈనాడు ఆటగాళ్లకు చమురు సంస్థల్లో, రైల్వేల్లో ఉద్యోగాలున్నాయి. మన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయి, ఓఎన్‌జీసీలో ఉద్యోగం చేస్తూ ఆడింది. మార్ఫీ కాలంలో ఆ దారి లేదు. న్యాయమూర్తి కొడుకు పందెపు ఆటగాడనిపించుకోవడానికి ఇష్టపడలేదు. ఒకసారి ఆటను తన బతుకులోంచి పక్కన పెట్టాక, దాని మీది ఇష్టం కూడా మెల్లగా ఆరిపోయింది. నూనె పోయని దీపం ఆరిపోతే అందులో వింత ఏముంది?

వకీలు కాలేని వకీలు

ఆట మానేయడం మార్ఫీ కష్టం కాదు. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. 1862లో న్యూ ఆర్లియన్స్ ఉత్తరాది సైన్యం చేతికి చిక్కింది. మార్ఫీ ఆ ఏడాదే ఊరు వదిలి క్యూబా మీదుగా పారిస్ చేరాడు. 1864లో తిరిగివచ్చి లా ఆఫీసు తెరిచాడు. ఆఫీసుకు మనుషులు వచ్చేవారు. అయితే వాళ్లు వచ్చింది దావా కాగితాలతో కాదు, ఆయనను చూడటానికి. పారిస్‌లో ఎనిమిది మందిని ఎలా ఓడించారని అడగడానికి. ఒక ఆట ఆడతారా అని అడగడానికి. తన పొలం తగాదాను ఒక చదరంగం ఆటగాడి చేతిలో పెట్టడానికి మాత్రం ఎవరూ సిద్ధపడలేదు. ఆఫీసు మూతపడింది. ఆ వృత్తిలో ఆయన ఎన్నటికీ నిలదొక్కుకోలేకపోయాడు.

ఆలోచించండి తమ్ముళ్లూ. నాలుగు భాషలు వచ్చినవాడు, చట్టం నోటికి వచ్చినవాడు. ఊరికి మాత్రం ఆయన చదరంగం మార్ఫీయే. ఆయన వదిలేసిన ఆట ఆయనను వదల్లేదు. చివరికి చదరంగం అన్న మాట వింటేనే చిరాకుపడే స్థితికి వచ్చాడు. 1867లో పారిస్‌లో పెద్ద టోర్నమెంటు జరిగింది. ఆ రోజుల్లో మార్ఫీ పారిస్‌లోనే ఉన్నాడు. అటు తొంగి కూడా చూడలేదు.

చివరి రోజులు

1875 ప్రాంతం నుంచి ఆయన మనసు అదుపు తప్పింది. తండ్రి ఆస్తిలో తన వాటాను బావ కాజేశాడని కోర్టుకెక్కాడు. ఎవరో విషం పెడతారన్న భయంతో తల్లి, చెల్లెలు పెట్టింది తప్ప తినేవాడు కాదు. 1882లో ఇంటివాళ్లు ఆయనను ఒక మానసిక చికిత్సాలయానికి తీసుకువెళ్లారు. అక్కడ తన హక్కుల గురించి ఎంత చక్కగా వాదించాడంటే, అక్కడివారు చేర్చుకోవడానికి జంకి ఇంటికి పంపేశారు. బతుకంతా వకీలు కావాలని కోరుకున్నవాడు గెలిచిన కేసు బహుశా అదొక్కటేనేమో.

చదరంగం ఎక్కువ ఆడితే పిచ్చెక్కుతుందని మన వైపు కూడా కొందరు పెద్దవాళ్లు అంటుంటారు. మార్ఫీని దానికి ఉదాహరణగా చూపిస్తారు. అది సరికాదు. ఆయన గట్టి పోటీలు మానేసిన పదిహేనేళ్ల తర్వాత ఈ జబ్బు బయటపడింది. మనసుకు వచ్చే జబ్బు కూడా జ్వరంలాంటి జబ్బే. దానికి ఆట కారణమని గానీ, ఆట మానడం కారణమని గానీ ఎవరూ రుజువు చేయలేదు.

1883లో స్టైనిట్జ్ న్యూ ఆర్లియన్స్ వచ్చి మార్ఫీని కలవాలని ఆశపడ్డాడు. చదరంగం ఊసెత్తకూడదన్న షరతు మీద కొద్ది నిమిషాలు మాత్రం కలిశాడని చెబుతారు. అప్పటి ప్రపంచపు మేటి ఆటగాడు, పాతికేళ్ల కిందటి మేటి ఆటగాడు ఎదురెదురుగా నిలబడి ఆట తప్ప మిగతా సంగతులు మాట్లాడుకున్నారన్నమాట.

ప్రతిరోజూ శుభ్రమైన బట్టలు వేసుకొని వీధుల్లో నడవడం, సాయంత్రం ఒపేరాకు వెళ్లడం, ఇంటికి రావడం. ఆఖరి ఏళ్లు అలా గడిచాయి. 1884 జూలై 10న ఎండలో నడిచి వచ్చి చన్నీళ్ల స్నానానికి దిగాడు. తొట్టిలోనే ప్రాణం పోయింది. మెదడుకు పోటు వచ్చిందన్నారు. వయసు 47. రాయల్ వీధిలోని ఆ ఇల్లు తర్వాతి కాలంలో పేరున్న హోటలు అయ్యింది.

మాకు తోచినది

యూనివర్సిటీ లైబ్రరీలో మార్ఫీ గురించి చదివినప్పుడు మాకు మా స్నేహితుడు గుర్తుకొచ్చాడు. ఆ రాత్రి రూములో ఎవరికీ సరిగా నిద్రపట్టలేదు.

వాడు ఆట మానేశాక మేమేం చేశామో చెబుతాం. కనిపించినప్పుడల్లా బోర్డు తెచ్చి వాడి ముందు పెట్టాం. జిల్లా చాంపియన్ అని కొత్తవాళ్లకు పరిచయం చేశాం. ఎందుకు మానేశావురా, ఇంత తెలివి వృథా చేస్తున్నావని మందలించాం. వాడి నాన్న నడుము పట్టుకొని మంచాన పడ్డాడని, వాడు సెలవుల్లో సెంట్రింగు పనికి వెళ్తున్నాడని మాకు తెలుసు. ఆ సంగతి ఒక్కరం అడగలేదు. కప్పు సంగతే అడిగాం. డిగ్రీ మొదటి ఏడాది ఫస్ట్ క్లాసులో పాసయ్యానని వాడు చెబితే, మంచిది, ఇప్పుడైనా టోర్నమెంటుకు వెళ్లరా అన్నాం. మూడేళ్ల నుంచి వాడు వార్షికోత్సవానికి రావడం లేదు. ఫోను చేస్తే పని ఉందంటాడు. న్యూ ఆర్లియన్స్ ఊరు మార్ఫీకి చేసింది మేము వాడికి చేశాం.

మార్ఫీకీ మాకూ ఒక తేడా ఉంది. ఏ పనీ లేకుండా పాతికేళ్లు గడిపే ఆస్తి ఆయనకు ఉంది. మా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. ఒకదాన్ని పట్టుకోవాలంటే ఇంకోదాన్ని వదలక తప్పదు. మాలో పాటలు పాడేవాడు పాడటం మానేశాడు, బొమ్మలు వేసేవాడు వేయడం మానేశాడు. కొందరికి తీరిక లేక పోయింది. కొందరికి ఇష్టమే పోయింది. తీరిక లేకపోతే పోరాడి తెచ్చుకోవాలి, హాస్టల్‌కు ఆట సామాను అడగాలి, ఆడుకునే గంట అడగాలి. ఇష్టమే పోతే అది తప్పు కాదు. ఒకప్పుడు ఆ ఆట మనకు ఇచ్చిన సంతోషం అబద్ధం అయిపోదు. చిన్నప్పటి చొక్కా ఇప్పుడు పట్టకపోతే, అప్పుడు అది మనది కాకుండా పోతుందా?

అందుకే తమ్ముళ్లకు మా మాట ఇది. మీలో బాగా ఆడేవాణ్ణి మెచ్చుకోండి. వాడు ఆడనన్న రోజు కూడా పక్కన చోటు ఇవ్వండి. వాడి చదువు సంగతి, ఇంటి సంగతి అడగండి. మనిషిని ఒక్క పేరుతోనే పిలుస్తుంటే, ఆ పేరు మోయలేక వాడు మనకే దూరమవుతాడు.

ఇక మా స్నేహితుడికి. ఒరేయ్, ఈ సంచిక నీకు పోస్టులో పంపుతున్నాం. ఈసారి వార్షికోత్సవానికి రా. బోర్డు బయటకు తీయం. కప్పు ఊసెత్తం. వరండాలో వరసగా కూర్చొని పప్పుచారు, గుడ్డుకూరతో భోంచేద్దాం. నాన్నకు ఎలా ఉందో చెప్పు. బీఈడీ సీటు సంగతి ఏమైందో చెప్పు. మేము వింటాం.